అమ్మకు సీటున్న వాకర్: వాయిదాల మీద కొనవచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. అమ్మకు 71 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. యాభై అడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, బరువు 62 కిలోలు. వీధి నుంచి ఇంట్లోకి రెండు మెట్లు, పెరట్లో బాత్రూమ్. శ్రీకాకుళంలో ఒక సర్జికల్ షాపులో నాలుగు చక్రాలు, సీటు, చేతి బ్రేకులు ఉన్న వాకర్ చూశాం. రొక్కానికి 8,700 రూపాయలు. వాయిదాల్లో అయితే నెలకు 800 చొప్పున 12 నెలలు, వడ్డీ లేదు, మొదట 199 ఫీజు అంటున్నారు. మామూలు మడత వాకర్ 1,400కే వస్తోంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 28,000. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ ఉంది, ఐదు నెలల్లో గడువు తీరుతుంది. అన్నయ్య విశాఖలో, చెల్లి హైదరాబాద్‌లో ఉంటారు. అమ్మకు పింఛను 4,000 వస్తుంది. ఏది కొనమంటారు? డబ్బు ఎలా సర్దుకోమంటారు?

జవాబు: వాయిదాలు వద్దు, ఎఫ్‌డీ కదపొద్దు. వాకర్ కొనండి, కానీ షాపులో చూసిన ఆ 8,700 బండే కొనాలని ఇప్పుడే అనుకోకండి. అది మీ అమ్మగారి ఎత్తుకు సరిపోతుందో లేదో ఇంకా తేలలేదు. పైగా మీ లెక్కలో వాకర్ ధర ఒక్కటే ఉంది. వీధి మెట్లకు, బాత్రూమ్‌కు అయ్యే ఖర్చు లేదు. ఆ రెండూ చేయించకుండా బండి ఒక్కటే తెస్తే పది రోజుల్లో అది వరండాలో బట్టలు ఆరేసే స్టాండు అయిపోతుంది.

ముందు వాయిదాల సంగతి. రొక్కం ధర 8,700, వాయిదాల మొత్తం 9,600. ఆ 900 తేడాయే వడ్డీ. దానికి 199 ఫీజు, ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే ఇంకో 235. మొత్తం 1,135 రూపాయలు ఎక్కువ కడతారు. అప్పు నెలనెలా తగ్గుతూ పోతుంది కనుక, ఇది సుమారుగా నూటికి రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా మీకు రెండు రూపాయల వడ్డీకి డబ్బిస్తానంటే వాకర్ కోసం తీసుకుంటారా? ‘వడ్డీ లేదు’ అన్న మాట వినగానే రొక్కం ధర ఎంతో విడిగా అడిగి, రెండింటినీ పక్కపక్కన కాగితం మీద వేసుకోండి.

ఇక మీ అమ్మగారికి ఏ రకం పనికొస్తుందో చూద్దాం. మడత వాకర్‌కు నాలుగు కాళ్లుంటాయి. అడుగడుగునా ఎత్తి ముందుకు పెట్టాలి. స్థిరంగా నిలుస్తుంది గాని కూర్చోవడానికి వీలుండదు. యాభై అడుగులకు ఆగి కూర్చోవలసిన మనిషికి అది వీధి చివరి దాకా పనికిరాదు. సీటున్న చక్రాల వాకర్ సరిగ్గా అలాంటి వాళ్ల కోసమే. అయితే ఒక షరతు ఉంది. చక్రాల వాకర్ నడకకు తోడుగా ఉంటుంది తప్ప ఒంటి బరువంతా మోయదు. శరీరం బరువు చేతుల మీద వేసి దాన్ని నొక్కితే అది ముందుకు జారిపోతుంది, మనిషి వెనకాల ఉండిపోతుంది. నిలబడితే తూలిపోయే వాళ్లకు, అడుగులు తడబడి ఉన్నట్టుండి పరుగులా పడే పార్కిన్సన్ రోగులకు, బ్రేకు వేయడం మరిచిపోయే మతిమరుపు ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. అందుకని కొనే ముందు ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించండి. ఆ ఫీజు 400 రూపాయలు ఈ మొత్తం ఖర్చులో అన్నిటికంటే తెలివైన ఖర్చు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లే పని ఉంటే అక్కడే అడగవచ్చు.

ఇప్పుడు కొలతలు. ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే, కాస్త ఓపికగా చదవండి.

అమ్మగారిని రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టండి. చేతులు వదులుగా వేలాడదీయమనండి. నేల నుంచి మణికట్టు మడత దాకా టేపు పెట్టండి. హ్యాండిల్ ఆ ఎత్తులో ఉండాలి. అప్పుడు హ్యాండిల్ పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగి ఉంటుంది. ఆమె ఎత్తుకు ఈ కొలత దాదాపు 71 సెంటీమీటర్లు వస్తుంది. మార్కెట్లో దొరికే చాలా మోడళ్లు పొడగరుల కోసం చేసినవి. వాటి హ్యాండిల్‌ను ఎంత కిందకు దించినా 78, 80 దగ్గర ఆగిపోతుంది. అలాంటిది కొంటే ఆమె భుజాలు పైకెత్తి నడవాలి, వారంలో మెడ, భుజాలు పట్టేస్తాయి. ‘అడ్జస్ట్ అవుతుందండీ’ అని షాపువాళ్లు చెప్పడం సరే, చివరి రంధ్రం దాకా దించి చూపించమనండి, టేపు మీరే పట్టుకోండి.

సీటు కూడా అంతే. కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా కొలవండి. ఆమెకు అది 38, 40 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. సీటు 54 ఎత్తు ఉంటే పాదాలు గాలిలో వేలాడతాయి. పాదం నేలకు ఆననప్పుడు చక్రాల మీద కూర్చోవడం ఎంత భయమో ఆమెనే అడగండి. 45 లోపు సీటు ఉన్నది వెతకండి. ‘చిన్న సైజు’ అని అడిగితే షాపులో అర్థమవుతుంది. అక్కడ లేకపోతే విశాఖ నుంచి తెప్పించమనండి, అన్నయ్య ముందుగా వెళ్లి కొలిచి చూడవచ్చు.

చక్రం కనీసం 8 అంగుళాలు. మీ వీధి సిమెంటు రోడ్డే అయినా పక్కన కాలువ పలకల మధ్య సందులు, ఇసుక, కంకర ఉంటాయి. 6 అంగుళాల ముందు చక్రం సందులో ఇరుక్కుంటే బండి ఆగిపోతుంది, మనిషి మాత్రం ముందుకు వెళుతూనే ఉంటుంది. పడిపోవడం అలా జరుగుతుంది. బరువు విషయంలో 100 కిలోలు మోసేది చాలు, 136 కిలోల దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. అల్యూమినియం ఫ్రేమ్ తీసుకోండి. స్టీలు బండి రెండు మూడు కిలోలు ఎక్కువ తూగుతుంది, పైగా మన వైపు సముద్రపు గాలికి వెల్డింగు దగ్గర తుప్పు మొదలవుతుంది.

బ్రేకు లివర్ పైకి నొక్కితే బండి నెమ్మదిస్తుంది, కిందకు నొక్కితే ‘టక్’మని లాక్ పడుతుంది. అది మీరు కాదు, అమ్మగారే చేసి చూడాలి. మోకాళ్లు అరిగిన వాళ్లలో చాలా మందికి వేళ్ల కీళ్లు కూడా బిగుసుకుపోయి ఉంటాయి, నొక్కలేకపోవచ్చు. లాక్ వేశాక బండిని మీ చేత్తో ముందుకు తోసి చూడండి. చక్రం తిరిగితే అది బ్రేకు కాదు. వెనుక చక్రం దగ్గర ఒంగి చూస్తే చిన్న పలకలాంటిది టైరులోకి కాస్త దిగబడి కనిపించాలి.

ఇప్పుడు ఇల్లు. వీధి నుంచి రెండు మెట్లు అన్నారు. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 30. వాలు కట్టాలంటే ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు కావాలి, అంటే 3 మీటర్ల 60. అంత వాలు వీధిలోకి వస్తుంది, కుదరదు. పొట్టిగా నిటారుగా కట్టిస్తే చక్రాల బండి దాని మీద జారుతుంది, అది మెట్ల కంటే ప్రమాదం. కాబట్టి బండిని కిందే, గోడవార నీడలో ఉంచండి, రాత్రి గొలుసు వేయండి. మెట్ల పక్కన గట్టి పైపు రెయిలింగు పెట్టించండి. వెల్డింగు షాపులో 2,000లో అయిపోవచ్చు. అమ్మగారు రెయిలింగు పట్టుకుని దిగి, కింద బండి పట్టుకుంటారు.

పెరటి గడప 5 సెంటీమీటర్లుంటే 60 సెంటీమీటర్ల సిమెంటు వాలు చాలు, మేస్త్రీకి ఒక పూట పని. బాత్రూమ్ తలుపు రెండడుగులే ఉండి ఉంటుంది, ఈ బండ్లు కూడా దాదాపు అంతే వెడల్పు, లోపలికి పోవు. లోపల కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి చేత్తో పట్టుకునే స్టీలు పట్టీలు (గ్రాబ్ బార్లు) పెట్టించండి. తువ్వాలు వేసే రాడ్డు పట్టుకుంటే ఊడి వస్తుంది, అది పట్టీ కాదు. ఇటుక గోడలో లోపలికి దిగే బోల్టులతో బిగించాలి, పెట్టిన మరునాడు మీరే వేలాడి చూడండి.

లెక్క ఇలా వస్తుంది: చిన్న సైజు అల్యూమినియం వాకర్ 7,000 దాకా, రెయిలింగు 2,000, బాత్రూమ్ పట్టీలు రెండు బిగింపుతో 2,000, పెరటి వాలు 600, వెనుక పట్టీ ఉన్న చెప్పులు 700, ఫిజియో 400, అదనపు బ్రేకు వైరు, నట్లు 300. మొత్తం 13,000. ధరలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి, వాకర్‌కు ఇంకో 1,000 పట్టినా పట్టీలు, రెయిలింగు మాత్రం తగ్గించకండి.

ముగ్గురు పిల్లలున్నారు. తలా 4,350 వేసుకోండి. ఈ మాట అడగడానికి మొహమాటపడకండి. మీరు అమ్మ దగ్గరుండి చేస్తున్న పనికి ధర కట్టలేం, కనీసం ఖర్చైనా ముగ్గురూ పంచుకోవాలి. బిల్లుల ఫోటోలు ముగ్గురికీ వాట్సాప్‌లో పెట్టండి, తర్వాత మాటపట్టింపులు రావు. మీ వాటా 4,350 రెండు నెలల జీతంలో సర్దుకోవచ్చు. దీనికోసం పోస్టాఫీసులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టవద్దు, అది ఐదేళ్ల పథకం. ఎఫ్‌డీ మధ్యలో తెంపితే బ్యాంకులు సాధారణంగా ఒక శాతం దాకా వడ్డీ తగ్గిస్తాయి. అత్యవసరమై తప్పదనుకుంటే దాన్ని తెంపకుండా దాని మీదే అప్పు తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువకే ఇస్తారు. అమ్మగారి పింఛను 4,000 ఆమె మందులకు, ఆమె చేతి ఖర్చుకు ఉండనివ్వండి. అందులోంచి వాకర్‌కు తీస్తే ఆ బండి మీద ఆమెకు సంతోషం ఉండదు.

ప్రభుత్వ సాయం సంగతి. కేంద్రం 2017లో మన రాష్ట్రంలోనే నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద, 60 దాటిన పేద వృద్ధులకు, లేదా నెల ఆదాయం 15,000 మించని వాళ్లకు చేతికర్ర, వాకర్ లాంటివి ఉచితంగా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆలిమ్‌కో శిబిరంలో మనిషిని చూసి ఏది కావాలో రాసుకుని, తర్వాత ఇంకో శిబిరంలో అందిస్తుంది. మీ గ్రామ సచివాలయంలో సంక్షేమ సహాయకుణ్ణి, లేదంటే జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయాన్ని అడగండి. వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేసినా చెబుతారు. ఆధార్, రేషన్ కార్డు, ఫోటో సిద్ధంగా ఉంచుకోండి. అయితే రెండు శిబిరాల మధ్య నెలలు పట్టవచ్చు. నా సలహా ఏమిటంటే సీటున్న వాకర్ ఇప్పుడే కొనండి, శిబిరంలో ఇంట్లో వాడుకోవడానికి మామూలు మడత వాకర్‌కు పేరు రాయించండి. ఆ 1,400 మిగులుతాయి.

ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, నడక సాధనాల ఖర్చు సాధారణంగా ఇవ్వరు. పన్ను మినహాయింపు గురించి మీకు చింతే లేదు, మీ జీతానికి పన్నే పడదు.

బండి ఇంటికి వచ్చాక అమ్మగారికి ఒక వరుస నేర్పండి. ముందు రెండు బ్రేకులూ లాక్. తర్వాత వెనక్కి తిరిగి, కాళ్ల వెనుక సీటు తగిలేదాకా మెల్లగా అడుగులు. చేతులు హ్యాండిల్స్ మీదే ఉంచి కూర్చోవడం. లేచేటప్పుడు కూడా లాక్ తీసేది నిలబడ్డాకే. ఆమె కూర్చుని ఉంటే మనవళ్లు వెనక నుంచి తోయకూడదు, ఇది చక్రాల కుర్చీ కాదు, చిన్న రాయి తగిలినా ముందుకు పడిపోతారు. కూరగాయల సంచి హ్యాండిల్‌కు తగిలించకూడదు, సీటు కింద సంచిలో పెట్టాలి. చీర కుచ్చిళ్లు మడమకు రెండు వేళ్లు పైకి ఉండాలి, కొంగు నడుములో దోపుకోవాలి, వెనుక చక్రం వాటినే ముందు పట్టుకుంటుంది.

నెలకోసారి బండిని బోర్లా వేసి చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తిరించండి. లాక్ వేసినా చక్రం జారుతుంటే బ్రేకు వైరు సాగిందన్న మాట. లివర్ దగ్గరున్న చిన్న మరను బయటికి తిప్పితే బిగుస్తుంది. అప్పటికీ పట్టకపోతే, చాలా మోడళ్లకు వైరు మార్చే పని మీ ఊరి సైకిల్ షాపులోనే అయిపోతుంది. అది బాగయ్యే దాకా అమ్మగారిని ఆ సీటు మీద కూర్చోనివ్వకండి.