సమాధానం: ఎమ్యులేటర్‌లో బాగుంది, టీవీలో స్కోరు చెదిరిపోతోంది

తమ్ముడూ, కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్) మీద బాగా ఆడే, నువ్వు రాసిన గేమ్‌ని కావలిలో మీ ఇంట్లోని పాత 8 బిట్ సెట్టులో (నింటెండో మెషీన్‌కి నకిలీ) పెడితే, నాణెం తీసినప్పుడల్లా స్కోరు దగ్గర చెత్త గళ్ళొచ్చి తెర ఎగురుతోందన్నావు కదా. క్యాసెట్ తప్పేం లేదు, ఆ పిన్నుల్ని రబ్బరుతో రుద్దడం ఆపు.

ఎమ్యులేటర్‌ని పాల్‌లో (మన పాత టీవీల 50 హెర్ట్జ్ పద్ధతి) పెట్టి రాసుంటావు. నింటెండో అసలు పాల్ మెషీన్‌లో బొమ్మ గీశాక 70 లైన్లు గీసేంత ఖాళీ సమయం దొరుకుతుంది, తెర మీది గళ్ళు మార్చాల్సింది అందులోనే. పాల్ టీవీల కోసం చేసిన నకిలీ సెట్లు చాలావరకు 50 హెర్ట్జ్‌లోనే నడిచినా వాటిలో ఆ ఖాళీ 20 లైన్లే, అంటే సుమారు 2,270 సైకిళ్ళు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు), అందులోనూ స్ప్రైట్ల (కదిలే బొమ్మల) వివరాలు బొమ్మ గీసే చిప్‌కి పంపే డీఎంఏకే 513 పోతాయి. నువ్వేమో స్కోరుని పదితో భాగించడం కూడా ఎన్ఎమ్ఐలోనే (ఆ ఖాళీ మొదలవగానే నడిచే కోడ్) పెట్టావు. ఆ మెషీన్ ప్రాసెసర్ 6502కి భాగహారం రాదు కదయ్యా, తీసివేతలు చేసుకుంటూ పోవాలి, టైమంతా అక్కడే హారతి, నీ రాతలు బొమ్మ గీసే వేళలో పడి చెత్త అవుతాయి.

ఆ లెక్క మెయిన్ లూప్‌లో చేసి, అంకెల టైల్ (గడి బొమ్మ) నంబర్లు ర్యామ్‌లో దాచి, ఎన్ఎమ్ఐలో వాటిని 2007కి (బొమ్మ గీసే చిప్‌కి డేటా పంపే చిరునామా) తోసేయ్. తర్వాత 2000ని (ఆ చిప్ సెట్టింగులు) మళ్ళీ సెట్ చేసి, 2005కి (తెర ఎంత జరగాలో చెప్పేది) రెండుసార్లు సున్నా రాయి. 2006 (ఎక్కడ రాయాలో చెప్పేది), 2005 రెండూ చిప్ లోపల ఒకే రిజిస్టర్‌ని కెలుకుతాయి, తెర ఎగిరేది అందుకే. ఒంగోల్లో కూర్చుని నేను దీనికే రెండు ఆదివారాలు పోగొట్టుకున్నా. ఎమ్యులేటర్ రీజియన్‌లో డెండీ (ఆ నకిలీ సెట్ల తీరు) అని ఉంటే అది పెట్టి చూడు, ఆ చెత్త అక్కడే కనబడుతుంది.