అమ్మాయిని తిరుపతిలోనే చేర్చండి, కానీ ముందు ఆ ల్యాబ్‌లో చీకటి పెట్టె చూసి రండి

"మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది. తిరుపతిలో కాంతి సెన్సర్ల మీద పీహెచ్‌డీ సీటు వచ్చేలా ఉంది. చేర్పించాలా, బెంగళూరులో వచ్చేదాకా ఆగాలా?" అని అడిగారు. నేను తిరుపతిలో సరిగ్గా ఈ పని మీదే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు చిత్తూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. కాబట్టి నా మాట ఎటు మొగ్గుతుందో మీకే తెలుస్తుంది. చేర్చేయండి.

బెంగళూరులో ఉన్నన్ని మెషీన్లు ఇక్కడ లేవు, నిజమే. అయితే జగదీశ్ చంద్రబోసు కలకత్తాలో దుమ్ము చొరబడని ఏ క్లీన్‌రూమ్‌లో కూర్చున్నాడు? గెలీనా అనే సీసపు ఖనిజం ముక్కతో చేసిన డిటెక్టర్‌కు 1901లో దరఖాస్తు పెట్టి 1904లో అమెరికా పేటెంటు తెచ్చుకున్నాడు. సెమీకండక్టర్ పరికరానికి వచ్చిన మొట్టమొదటి పేటెంటు అదే అంటారు. అది రేడియో తరంగాలకే కాదు, వెలుతురుకూ స్పందించేది. కాబట్టి ఊరు చిన్నదా పెద్దదా అన్నది పక్కన పెట్టండి.

ఈ రంగంలో అసలు పని వెలుగును కొలవడం అనుకుంటారు అందరూ. నన్నడిగితే సగం పైన పని చీకటిని కొలవడమే. వెలుతురు ఏమాత్రం పడనప్పుడు కూడా సెన్సర్‌లో కొంత కరెంటు పారుతూనే ఉంటుంది. డార్క్ కరెంట్ అంటాం దాన్ని. అదెంతో నమ్మకంగా తెలియకపోతే, మీరు పట్టుకున్నది వెలుగో, సెన్సర్ సొంత గోలో చెప్పలేరు.

మా ల్యాబ్‌లో సెన్సర్ల కోసం, వెలుతురుకు స్పందించే టిన్ సల్ఫైడ్ పొరలు వేసేవాళ్లం. వాక్యూమ్ కోటింగ్ యూనిట్‌లో మాలిబ్డినం బోటులో, అంటే దోనెలాంటి చిన్న లోహపు పళ్లెంలో, పొడి పెట్టి వేడి చేస్తే, ఆవిరై పైనున్న గాజు పలక మీద సన్నటి పొరగా అతుక్కుంటుంది. దానికి సిల్వర్ పేస్ట్‌తో రెండు కాంటాక్టులు పెట్టి, లోపల నల్ల రంగు పూసిన డబ్బాలో, అదే చీకటి పెట్టెలో, ఉంచి, రాత్రి పొద్దుపోయాక కొలిచేదాన్ని. ఎందుకు రాత్రి అంటే, ఆ పొర ఒకసారి వెలుతురు చూసిందంటే దాని ప్రభావం వెంటనే పోదు. కరెంటు మెల్లగా, గంటల తరబడి దిగుతూ వస్తుంది. అది కుదురుకునేదాకా మీటర్ వైపు చూస్తూ కూర్చోవాలి.

నా శాంపిల్‌లో కరెంటు మాత్రం ఎంతసేపు చూసినా ఒకచోట ఆగిపోయేది, అంతకన్నా దిగేది కాదు. సీనియర్ ఏమో కాంటాక్టులు బాగాలేవన్నాడు. మా గైడ్ సార్ గాలిలో తేమ అన్నారు. తిరుపతిలో ఎండాకాలం రాత్రి తేమేంటి సార్ అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? సిలికా జెల్ పొట్లాలు తెచ్చి డబ్బాలో పడేశాం. ఏం మారలేదు.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఆ రోజుల్లో కోతలు మామూలే. మీటర్ యూపీఎస్ మీద ఉంది కాబట్టి ఆగలేదు. చూస్తుండగానే అంకెలు జారడం మొదలైంది, అన్నాళ్లూ దిగనిది దిగిపోయింది. కరెంటు రాగానే మళ్లీ పైకి లేచింది. నేను నోట్‌బుక్‌లో రాసుకుంటూ బుర్ర గోక్కుంటుంటే, గది తాళం వేయడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ అన్నాడు: "కరెంటు పోయినప్పుడు తగ్గిందంటే, వరండాలో ట్యూబ్‌లైటు ఉండాది కదా పాపా, అదేమో చూడు." వెంటిలేటర్‌లోంచి ఆ ట్యూబ్‌లైటు వెలుతురు లోపలికొచ్చి, డబ్బాలోకి వైర్లు దూరే కన్నంలోంచి శాంపిల్ మీద పడుతోంది. ఆయనే వెళ్లి స్విచ్ ఆపాడు, అంకె దిగింది. వేశాడు, ఎక్కింది. మర్నాడు పాత గొడుగు గుడ్డ చించుకొచ్చి ఆ కన్నానికి నాలుగు మడతలు చుట్టింది కూడా ఆయనే. నా థీసిస్‌లో మొదటి కృతజ్ఞత ఆయనకే రాశాను, సార్‌కి రెండోది. సార్ ఏమీ అనలేదు లెండి.

అప్పటినుంచీ ఏ రీసెర్చ్ పేపర్ చూసినా నాకు అదే యావ. వాట్ వెలుగుకు వేల ఆంపియర్లు ఇచ్చే సెన్సర్ చేశామని రాస్తారు. వెలుతురును కరెంటుగా మార్చే మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ మీద పడ్డ ప్రతి ఫోటానూ, అంటే ప్రతి వెలుగు రేణువూ, ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చినా, 900 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వచ్చేది వాట్‌కు 0.73 ఆంపియర్లే. మరి వేలు ఎక్కడివి? ఒక రకం చార్జి పదార్థంలోని లోపాల్లో, వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టిన భక్తుల్లా, ఇరుక్కుపోతుంది. అది అక్కడ ఉన్నంతసేపూ రెండో రకం చార్జి బయట తిరుగుతూనే ఉంటుంది, కరెంటు పెరుగుతుంది. దానికి మూల్యం వేగం. దీపం ఆర్పాక కూడా సెన్సర్‌కు తెలియడానికి సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. పేపర్‌లో పెద్ద అంకె మొదటి పేజీలో ఉంటుంది, ఈ సంగతి ఏ మూలనో ఉంటుంది, కొన్నిట్లో అసలుండదు. ఇలాంటి పేపర్లలో సగం మా అటెండర్ చూస్తే నిలబడవని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. సెన్సర్ల లక్షణాలు చెప్పే డేటాషీట్లు దాదాపు అన్నీ 25 డిగ్రీల వేడి దగ్గర రాసి ఉంటాయి. సిలికాన్‌లో ఎనిమిది, పది డిగ్రీలు పెరిగేసరికి డార్క్ కరెంట్ దాదాపు రెట్టింపవుతుంది. రోహిణి కార్తెలో రేణిగుంటకు ఒక్కసారి వచ్చి చూడండి, ఆ 25 ఏ లోకంలో ఉందో అర్థమవుతుంది. ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లకన్నా మనకే ఈ సమస్య బాగా తెలుస్తుంది, మనమే తేల్చగలం.

ఇదంతా దేనికి పనికొస్తుందని మీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. కోవిడ్‌లో ప్రతి ఇంట్లో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ చూపించండి. 660 నానోమీటర్ల ఎర్ర వెలుగు, 940 దగ్గర పరారుణం, అవతల వైపు ఒక ఫోటోడయోడ్, అంతే దాని సరంజామా. నాడి కొట్టుకున్నప్పుడు వెలుగులో వచ్చే హెచ్చుతగ్గుల నుంచే రక్తంలో ఆక్సిజన్ లెక్క తీయొచ్చని 1970లలో జపాన్‌లో తకువో అవోయాగి కనిపెట్టాడు. అదే ఆక్సీమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయిన సంగతిని తెల్లవాళ్లలో కన్నా చాలా ఎక్కువసార్లు పసిగట్టలేకపోయిందని 2020 డిసెంబర్‌లో అమెరికా డాక్టర్లు బయటపెట్టారు. చామనఛాయ, నల్లటి చర్మం ఉన్న మనం ఈ పని చేయకపోతే ఎవరు చేస్తారు?

మన జిల్లాల్లో ఇలాంటి పని లేదనేవాళ్లను చంద్రగిరి దాటించి గాదంకి తీసుకెళ్లాలి. అక్కడి వాతావరణ పరిశోధనశాలలో లైడార్‌తో, అంటే లేజర్ వెలుగుతో ఆకాశాన్ని కొలిచే పరికరంతో, రాత్రిపూట 532 నానోమీటర్ల పచ్చటి లేజర్ ఆకాశంలోకి పంపి, పదుల కిలోమీటర్ల ఎత్తునుంచి తిరిగొచ్చే ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. పగలు సూర్యుడు అడ్డం. అక్కడా చీకటిదే రాజ్యం.

మీరు నిజంగా బెంగపడాల్సింది ఊరి గురించి కాదు, హాస్టల్ గేటు గురించి. చీకటి కొలతలు రాత్రే చేయాలి, అమ్మాయిల హాస్టల్ గేటు మాత్రం మా రోజుల్లో సాయంత్రమే మూసేవాళ్లు. మగపిల్లలు తెల్లారేదాకా ల్యాబ్‌లో ఉండొచ్చట, మేము మాత్రం ప్రతిసారీ సంతకాల కాగితం పట్టుకుని వార్డెన్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి రాదు, ఆ సంగతి ఇక్కడే కాదు, అన్నిచోట్లా అంతే.

కాబట్టి చేరే ముందు అమ్మాయిని ఒకసారి ఆ ల్యాబ్‌కు పంపండి. రాత్రి పని చేయడానికి అనుమతి ఎలా ఇస్తారో గైడ్‌ను సూటిగా అడగమనండి. తర్వాత అక్కడి పీహెచ్‌డీ పిల్లల దగ్గర డార్క్ కరెంట్ రీడింగులు రాసిన నోట్‌బుక్ అడిగి చూడమనండి. అది తీసి చూపించారంటే మరుసటి రోజే ఫీజు కట్టేయండి.