ఆ అడుగు దూరం పుట్ తప్పాక ఆమె ఏమైంది?

ప్రశ్న: మా పాప ఇంటర్ చదువుతోంది, చిన్నప్పట్నుంచి బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఈమధ్య ఒక టోర్నీ సెమీస్‌లో మ్యాచ్ పాయింట్ దగ్గర చాలా సులువైన షటిల్‌ని నెట్‌కి కొట్టింది, ఆ తర్వాత మ్యాచే పోయింది. అప్పట్నుంచి రాకెట్ ముట్టుకోవడం లేదు. మా మరిది కొడుకు ఒక వీడియో తెచ్చి చూపించాడు. కొరియా గోల్ఫ్ అమ్మాయి ఒకామె అడుగు దూరంలో ఉన్న బంతిని గుంతలో వేయలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. 'చూడు, అంత పెద్దవాళ్ళకే తప్పలేదు' అని ధైర్యం చెప్పాలని వాడి ఉద్దేశం. పాప మాత్రం 'ఆమె తర్వాత ఏమైంది?' అని అడిగింది. మాకెవరికీ తెలీదు.
– ఒక తల్లి, భవానీ నగర్, తిరుపతి

జవాబు: పాప అడగాల్సిందే అడిగిందమ్మా. ఆ వీడియోని అక్కడితో కోసేస్తారు కాబట్టి చూసినవాళ్ళకి ఆమె ఆట కూడా అక్కడితో అయిపోయిందనిపిస్తుంది.

ఆమె పేరు కిమ్ ఇన్ క్యుంగ్. 1988లో పుట్టింది. 2005లో అమెరికా బాలికల జూనియర్ ఛాంపియన్‌షిప్ గెలిచి, 2007 నుంచి ఎల్‌పీజీఏ టూర్‌లో, అంటే ఆడవాళ్ళ గోల్ఫ్‌లో ఏడాది పొడవునా సాగే అన్నిటికన్నా పెద్ద టోర్నీల వరసలో ఆడింది. 2008, 2009, 2010... మూడేళ్ళు వరసగా ఏడాదికొక టైటిల్. 2010లో మెక్సికోలో గెలిచినప్పుడు వచ్చిన 2,20,000 డాలర్లూ దానమిచ్చేసింది. అప్పటికి 22 ఏళ్ళ పిల్ల.

మీరు చూసిన వీడియో 2012 ఏప్రిల్ 1 నాటిది. కాలిఫోర్నియాలోని రాంచో మిరాజ్‌లో క్రాఫ్ట్ నబిస్కో ఛాంపియన్‌షిప్, ఏడాదిలో మొదటి మేజర్, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నీల్లో ఒకటి. అప్పట్లో అక్కడ గెలిచినవాళ్ళు చివరి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనున్న కొలనులోకి దూకడం ఆనవాయితీగా ఉండేది. నాలుగు రోజులు, 72 హోల్స్ (గుంతలు), అన్నీ అయిపోయి ఆఖరిది మిగిలింది, ఆ చిన్న పుట్ (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ) పడితే టైటిల్ ఆమెదే. బంతి గోలీలాటలో గుంట అంచుకి తగిలి తిరిగి బయటికొచ్చేసినట్టు వచ్చేసింది. దాంతో స్కోరు సమమై ప్లేఆఫ్ పెట్టారు, అందులో ఇంకో కొరియా అమ్మాయి యూ సున్ యంగ్ మొదటి హోల్‌లోనే బర్డీ కొట్టి, అంటే ఆ హోల్‌కి పెట్టిన లెక్కకన్నా ఒక దెబ్బ తక్కువలో ముగించి, గెలిచి కొలనులోకి దూకింది.

తర్వాత మాట. 'ఆ ఒక్క పుట్ ఆమె కెరీర్‌ని నాశనం చేసింది' అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. మరుసటి ఏడాది, 2013లో, కియా క్లాసిక్‌లో ప్లేఆఫ్ దాకా వచ్చి ఓడింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో రెండో స్థానం, ఆ రోజు గెలిచిన పార్క్ ఇన్బీ ఎవ్వరికీ అందని ఆట ఆడుతోంది. 2014లో మళ్ళీ ప్లేఆఫ్, మళ్ళీ ఓటమి. నాశనమైపోయిన మనిషి ఇన్నిసార్లు గెలుపు అంచుకి ఎలా వస్తుంది చెప్పండి. కాకపోతే ఎక్కడికెళ్ళినా విలేకరులు ఆ అడుగు దూరం పుట్ గురించే అడిగేవాళ్ళు, అసలు టెన్షన్ అదీ. ధ్యానం మీద మనసు పెట్టిందని, తన మీద తాను కోపం తగ్గించుకోవడం నేర్చుకున్నానని తర్వాతెప్పుడో చెప్పుకుంది.

2010 తర్వాత ఎల్‌పీజీఏలో ఆమె మళ్ళీ గెలిచింది 2016 అక్టోబర్‌లో, చైనాలో. దాదాపు ఆరేళ్ళు! సంతోషించే లోపే మెట్ల మీద జారిపడి నడుము కింద దెబ్బ తగిలించుకుంది. సరే అయిపోయింది అనుకుంటే 2017లో జూన్‌లో ఒకటి, జులైలో ఒకటి గెలిచి, ఆగస్టులో స్కాట్లండ్‌లోని కింగ్స్‌బార్న్స్‌లో బ్రిటిష్ ఓపెన్‌లో ఆఖరి రోజుకి ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో, అంటే మిగతావాళ్ళకన్నా ఆరు దెబ్బలు తక్కువలో, వచ్చింది. ఆరు స్ట్రోకులంటే చాలా ఎక్కువ, అయినా ఆ రోజు చూస్తున్నవాళ్ళు ఊపిరి బిగబట్టే ఉండుంటారు. ఆధిక్యం తగ్గుతూ వచ్చింది గానీ చేజారలేదు, రెండు స్ట్రోకుల తేడాతో గెలిచింది. అదే ఆమె గెలిచిన ఒకే ఒక్క మేజర్.

ఆ తర్వాత ఎల్‌పీజీఏలో ఇంకోటి గెలవలేదు, మొత్తం ఏడు టైటిళ్ళు. పాపకి ఇది కూడా చెప్పండి, లేకపోతే సినిమా కథలా ఉంటుంది.

ఇక మీ ఇంట్లో సంగతి. ఆ వీడియో మళ్ళీ చూపించొద్దు. బంధువుల ముందు ఆ షటిల్ ప్రస్తావన తేవద్దు, మంచికి కూడా. కొన్నాళ్ళు రాకెట్ ముట్టకపోతే నష్టమేం లేదు, తనంతట తానే ఎవరితోనైనా పాయింట్లు లెక్కపెట్టకుండా ఆడుకోవడానికి వెళ్తే వెళ్ళనివ్వండి. నిద్ర, తిండి తగ్గితే మాత్రం ఆట సంగతి పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: శ్రీసిటీలో పనిచేస్తాను. మా కొరియా సార్లు టీ బ్రేక్‌లో గోల్ఫ్ ఎత్తితే ఆపరు. అంత చిన్న దేశం నుంచి ఇంతమంది ఆడపిల్లలు ఎలా వచ్చారు?
– ఒక టెక్నీషియన్, సత్యవేడు

జవాబు: ఈసారి టీ బ్రేక్‌లో 'పాక్ సెరి' అని ఒక్క మాట అనండి, ఆ సార్లు మీకు ఇంకో టీ ఇప్పిస్తారు.

1997 చివర్లో కొరియా ఆర్థికంగా కుప్పకూలి ఐఎంఎఫ్ దగ్గర అప్పుకి పోయింది. ఉద్యోగాలు పోయి జనం దిగాలుగా ఉన్న 1998లో ఇరవయ్యేళ్ళ సెరి అమెరికా వెళ్ళి, టూర్‌లో మొదటి ఏడాదే రెండు మేజర్లు గెలిచింది. రెండోది యూఎస్ ఓపెన్, సోమవారం 18 హోల్స్ ప్లేఆఫ్ ఆడినా తేలక ఇంకో రెండు ఆడాల్సొచ్చింది. ఆ 18వ హోల్‌లో బంతి నీటి ఒడ్డున పడితే బూట్లు, సాక్స్ విప్పి నీళ్ళలో దిగి కొట్టింది. కాళ్ళు ఎండకి నల్లబడి, పాదాలు మాత్రం తెల్లగా ఉన్న ఆ దృశ్యం కొరియాలో ముసలివాళ్ళకి కూడా గుర్తే. అది టీవీలో చూసి ఆట మొదలుపెట్టిన పిల్లల్లో పార్క్ ఇన్బీ ఒకామె, అప్పటికి పదేళ్ళు నిండబోతున్నాయి. ఇలా వచ్చినవాళ్ళని 'సెరి కిడ్స్' అంటారు. దానికి తోడు సొంత దేశంలోనే గట్టి టూర్ ఉంది, స్థలం తక్కువైనా గదిలో తెర మీద ఆడే స్క్రీన్ గోల్ఫ్ వీధి వీధినా ఉంది.

ఇక ఎత్తుపల్లాలు, వాళ్ళకీ తప్పలేదు. సెరి 2004లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి (మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితాకి) కావలసిన పాయింట్లు పూర్తిచేసిందో లేదో ఆట చెడింది. 2005 అంతా గాయాలు, చెత్త స్కోర్లు. కావలసింది దొరికాక ఎందుకు ఆడాలో తెలీకపోవడం ఓడిపోవడం కన్నా పెద్ద జబ్బు అని నాకనిపిస్తుంది. 2006లో ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్‌లో దాదాపు 200 గజాల నుంచి కొట్టిన బంతి గుంత పక్కనే ఆగింది, ఆమె మళ్ళీ లేచింది. ఇన్బీ 19 ఏళ్ళకే 2008లో యూఎస్ ఓపెన్ గెలిచి, ఆ తర్వాత నాలుగేళ్ళు ఎల్‌పీజీఏలో ఒక్కటీ గెలవలేదు. 2013లో వరసగా మూడు మేజర్లు. 2016లో బొటనవేలి గాయంతో ఉంది, రియోకి ముందు స్వదేశంలో ఆడిన టోర్నీలో కట్ (మధ్యలో వెనకబడ్డవాళ్ళని ఇంటికి పంపే వడపోత) కూడా దాటలేదు, ఒలింపిక్స్‌కి ఎందుకు పంపుతున్నారని విమర్శలు వచ్చాయి. అయిదు స్ట్రోకుల తేడాతో స్వర్ణం తెచ్చింది.

ప్రశ్న: ఇదంతా డబ్బున్నవాళ్ళ ఆట కదండీ, మన పత్రికలో ఎందుకు?
– ఒక రిటైర్డ్ టీచర్, చిత్తూరు

జవాబు: ఖర్చున్న ఆటేనండి, కాదనను. టూర్‌లో ఆడేవాళ్ళకి కూడా విమానం, హోటల్, కేడీ (బ్యాగు మోసే సహాయకుడి) జీతం చాలామటుకు సొంత ఖర్చే, రెండు రోజుల తర్వాత కట్ దాటకపోతే మామూలుగా ప్రైజ్‌మనీలో పైసా రాదు. అందుకే వాళ్ళ పల్లాలు మనకి టీవీలో కనిపించేదానికన్నా లోతుగా ఉంటాయి. మీకు దగ్గర్లోని బెంగళూరు నుంచే అదితి అశోక్ వచ్చింది, రియోలో నాన్న, టోక్యోలో అమ్మ బ్యాగు మోశారు, టోక్యోలో ఒక్క స్ట్రోకు తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో ఆగింది. ఆ వారమంతా గోల్ఫ్ తెలీని మనవాళ్ళు కూడా తెల్లవారుజామున లేచి చూశారు.

ప్రశ్న: అడుగు దూరం బంతిని 'పడినట్టే' అని వదిలేయొచ్చు కదా?
– డిగ్రీ విద్యార్థి, పలమనేరు

జవాబు: మ్యాచ్ ప్లేలో, అంటే ఇద్దరు ఎదురెదురుగా హోల్ హోల్‌కీ పోటీపడే పద్ధతిలో, ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే వదిలేయొచ్చు. మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే టోర్నీల్లో కుదరదు, అంగుళం దూరమైనా కొట్టాల్సిందే, కిమ్ ఆడింది అలాంటిదే. మ్యాచ్ ప్లేలో కూడా ఎదుటివాళ్ళు స్పష్టంగా ఒప్పుకోకముందే బంతి తీస్తే తంటా. 2015లో జర్మనీలో జరిగిన సోల్‌హైమ్ కప్‌లో (అమెరికా, యూరప్ ఆడవాళ్ళ జట్ల పోటీలో) అమెరికా తరఫున ఆడిన అలిసన్ లీ, ఇచ్చేశారనుకుని బంతి చేతిలోకి తీసుకుంటే, ఇవ్వలేదని యూరప్ వాళ్ళన్నారు, ఆ హోల్ పోయింది. పెద్ద గొడవైంది. ఆ మంటలోనే అమెరికా వాళ్ళు సింగిల్స్‌లో పుంజుకుని ఒక్క పాయింట్ తేడాతో కప్పు పట్టుకుపోయారు.