బంగాళదుంప తొక్క క్లోరోఫాంలో ఎందుకు కరగదు?

ప్రశ్న: మాది జయపురం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు కోసం సంతలో కొన్న బంగాళదుంపల తొక్కలో నీరు, క్రిములు దాటకుండా అడ్డుకునే సుబెరిన్ అనే పదార్థాన్ని చూద్దామనుకున్నాను. క్లోరోఫాంలో ఎంతసేపు ఉంచినా పొర పొరలాగే ఉంది. ఆ క్లోరోఫాంను, పదార్థాలను విడదీసి గుర్తించే జీసీ-ఎంఎస్‌లో పెడితే ఆల్కేన్లు, కొవ్వు ఆమ్లాలు కనిపించాయి. ఇదేనా సుబెరిన్? రిపోర్టు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, కోరాపుట్ జిల్లా

జవాబు: కాదమ్మా, అది మైనం. సుబెరిన్ ఆ పొరలోనే ఉంది, పారేయకండి. పర్లాకిమిడిలో పాఠం చెప్పినన్నాళ్లూ పిల్లలు ఇక్కడే తికమకపడేవారు. సుబెరిన్ పాలిమర్. కొవ్వు ఆమ్లాలు, గ్లిసరాల్, ఫెరూలిక్ ఆమ్లం ఎస్టర్ బంధాలతో వలలా అల్లుకుని ఉంటాయి. దాన్ని కరిగించలేం, బంధాలు తెంపాలి.

ముందు సెల్యులేజ్, పెక్టినేజ్ ఎంజైములతో కండనీ పిండినీ వదిలించండి. తర్వాత క్లోరోఫాం-మెథనాల్ మిశ్రమాన్ని మార్చి మార్చి కడగండి, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే సుమా. ఈ కడుగుడు దగ్గర తొందరపడితే పని మొత్తం చెడుతుంది. బంగాళదుంప మైనంలో ఫెరూలిక్ ఆమ్లపు ఎస్టర్లు కూడా ఉంటాయి. అవి మిగిలిపోతే, ఫెరూలేట్ (ఆ ఆమ్లపు ఎస్టర్) కనబడగానే సుబెరిన్ దొరికిందనుకుంటారు.

బాగా ఆరబెట్టిన పొరను మెథనాల్‌లో సోడియం మెథాక్సైడ్‌తో వేడి చేయండి. తేమ ఉండకూడదు. విడిపోయినవి మిథైల్ ఎస్టర్లుగా వస్తాయి. హైడ్రాక్సిల్ ఉన్నవాటికి బీఎస్‌టీఎఫ్‌ఏ అనే రసాయనంతో సిలైల్ గుంపు తగిలించి జీసీ-ఎంఎస్‌కి పంపండి. ఎంత ఉందో లెక్క కట్టాలంటే, పోలిక కోసం తెలిసిన మోతాదులో వేసే ఇంటర్నల్ స్టాండర్డ్‌ను మొదట్లోనే కలపాలి.

ఇక ఏది చూడాలి? మామూలు 16, 18 కార్బన్ల ఆమ్లాలు కణపొరల కొవ్వు నుంచీ వస్తాయి, వాటిని సాక్ష్యంగా తీసుకోవద్దు. గొలుసు చివర హైడ్రాక్సిల్ ఉన్న ఆమ్లాలు, రెండు చివరలా ఆమ్లమున్నవి, ముఖ్యంగా 18 కార్బన్లతో ఒక ద్విబంధం ఉన్నవి కనిపిస్తే అది బంగాళదుంప సుబెరినే. టమాటా తొక్కలోని క్యూటిన్ అనే ఇలాంటి పాలిమర్ అయితే 10,16-డైహైడ్రాక్సీ హెక్సాడెకనోయిక్ ఆమ్లం ముందుకొస్తుంది. ఈ తేడాలను తేల్చినవారిలో కేరళలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త పి.ఇ. కొలట్టుకుడి ముఖ్యులు. ఆయన వ్యాసాలు తప్పక చదవండి.

వీలుంటే కొన్ని దుంపలు కోసి, తేమ ఉన్న చోట వారం ఉంచి, అప్పుడే కోసిన దుంపతో పోల్చండి. గాయం మీద సుబెరిన్ పేరుకోవడం మీ గ్రాఫులోనే కనబడుతుంది. రైతుకు పనికొచ్చే ప్రాజెక్టు అదే, ఎందుకంటే ఆ పొర సరిగ్గా కట్టని దుంపే బస్తాలో ముందు కుళ్లుతుంది.

మెథాక్సైడ్ తర్వాత కూడా గోధుమరంగు పదార్థం కొంత మిగులుతుంది. సుబెరిన్‌లోని ఆరోమాటిక్ (బెంజీన్ వలయాలున్న) భాగం చాలావరకు అందులోనే ఉంటుంది. దాన్ని తూచి రిపోర్టులో రాయండి.