గోల్ఫ్ మైదానాల గడ్డి, నీటి వాడకం గురించి క్లాసులో పిల్లల చేత ఏం చేయించవచ్చు?

పోస్టర్లు మాత్రం దయచేసి వేయించకండి. నేను సైన్స్ టీచర్‌ని. నీలం చుక్క బొమ్మ వేసి, కింద ఒక నినాదం రాసి, గోడకు అంటించి నీటి పాఠం అయిపోయిందనుకోవడం చూసి చూసి విసుగొచ్చింది. ఆ పోస్టర్ వేసిన పిల్లల్నే మర్నాడు పిలిచి, చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు పడితే ఎన్ని లీటర్లని అడిగి చూడండి. ముఖాలు చూసుకుంటారు. జవాబు ఒక్క లీటరు. అదే హెక్టారు నేలకైతే 10,000 లీటర్లు. ఈ లెక్క వంటబట్టకుండా గోల్ఫ్ మైదానం నీళ్ల గురించి ఎంత మాట్లాడినా గాల్లో మాటలే.

ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ల చేత నేను చేయించేది కప్పుల పరీక్ష. మైదానాల్లో గడ్డి బాగోగులు చూసే గ్రీన్‌కీపర్లు స్ప్రింక్లర్లను పరీక్షించేది కూడా ఇలాగే. ఒకే సైజువి, అంచులు నిటారుగా ఉన్న కప్పులు 16 తీసుకుని, స్ప్రింక్లర్ నీళ్లు పడే చోట గళ్లు గీసినట్టు సమాన దూరంలో పెట్టాలి. 15 నిమిషాలు నీళ్లు తిప్పాలి. ఒక్కో కప్పులో నీటి లోతు స్కేలుతో కొలిచి గళ్ల కాగితం మీద రాసుకోవాలి.

మా స్కూలు గ్రౌండ్‌లో ఒక మూల గడ్డి ఎప్పుడూ పసుపు తిరిగి ఉండేది. పరీక్షకు ముందే, ఎక్కడ నీళ్లు తక్కువ పడతాయో చెప్పమన్నాను. క్లాసంతా ఆ మూలకే వేలు చూపించింది. తీరా కొలిస్తే, బాగా నిండిన కప్పుల్లో అక్కడిది ఒకటి! ఎవరో కావాలని నీళ్లు పోశారని గొడవ మొదలైంది. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. సరేనని కప్పులన్నీ ఖాళీ చేసి మళ్లీ పెట్టించాను. మళ్లీ అదే ఫలితం. అప్పుడు, మామూలుగా నోరు విప్పని ఒక అమ్మాయి, పైపు బిగించడానికి తెచ్చిన స్క్రూడ్రైవర్ తీసుకుని పచ్చగడ్డి ఉన్న చోట నేలలోకి గుచ్చింది. పిడి దాకా దిగింది. పసుపు గడ్డి దగ్గర గుచ్చితే మొన కూడా సరిగ్గా దిగలేదు. "మేడం, ఇక్కడ నీళ్లు పడుతున్నాయి గానీ లోపలికి దిగట్లేదు" అంది. గేటు నుంచి క్లాసులకు అందరూ అడ్డదారిన నడిచేది ఆ మూల మీదుగానే. తొక్కీ తొక్కీ మట్టి బిగుసుకుపోయింది. దానికి ఇంకా నీళ్లు పెడితే పక్కకు పారిపోతాయి తప్ప వేళ్లకు అందవు. గ్రీన్‌కీపర్లు అలాంటి చోట బోలు గొట్టాల్లాంటి పళ్లున్న యంత్రంతో మట్టిని చిన్న చిన్న ముక్కలుగా పైకి లాగి, ఆ చిల్లుల్లో ఇసుక నింపుతారు. ఆ రోజు ఈ మాట చెబుతుంటే పిల్లలు విన్న తీరు నేను ఏ పాఠంలోనూ చూడలేదు. గడ్డి ఎండినట్టు కనిపించగానే పైపు తిప్పడం ఎంత అనాలోచితమో వాళ్లకు మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక లెక్క. తక్కువ నీళ్లు పడ్డ నాలుగు కప్పుల సగటును 16 కప్పుల సగటుతో భాగించాలి. వచ్చేది 1కి ఎంత దగ్గరగా ఉంటే నీళ్లు అంత సమానంగా పడుతున్నట్టు. మొత్తం సగటు 8 మిల్లీమీటర్లు, ఆ నాలుగింటిది 5 అనుకుందాం. 5ని 8తో భాగిస్తే 0.625. ఆ పొడి చోట్లకూ 8 అందాలంటే స్ప్రింక్లర్‌ను 8 ÷ 5, అంటే 1.6 రెట్లు సేపు తిప్పాలి. అప్పుడు మొత్తం సగటు 12.8 అవుతుంది. అదనం 4.8 మిల్లీమీటర్లు, అంటే హెక్టారుకు 48,000 లీటర్లు, అదీ ఒక్క పూటకు! ఒక నాజిల్ మార్చి, వంగిన స్ప్రింక్లర్‌ను నిటారుగా నిలబెడితే చాలావరకు మిగిలే నీళ్లు ఇవి. అసలైన పొదుపు ఇలాంటి చోటే ఉంటుందని నా గట్టి నమ్మకం. పుస్తకాలేమో ఇప్పటికీ పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయమనే దగ్గరే ఆగిపోయాయి.

"గోల్ఫ్ మైదానాలు మూసేయాలా, వద్దా" అని డిబేట్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. అంకెలు చేతిలో లేని డిబేట్‌లో గొంతు పెద్దదైనవాళ్లే గెలుస్తారు. అంత సరదా ఉంటే పైన్‌హర్స్ట్ నంబర్ 2 మైదానం సంగతి చెప్పి పెట్టండి. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉంది. 2010, 2011లలో అక్కడ నీళ్లు పెట్టి పెంచే గడ్డిని 30 ఎకరాలకు పైగా తీసేసి, ఇసుక నేలను, అక్కడి సహజమైన గడ్డి దుబ్బులను తిరిగి తెచ్చారు. స్ప్రింక్లర్లను సగానికి పైగా తగ్గించారు. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలు రెండూ వరుస వారాల్లో అక్కడే జరిగాయి. టీవీలో గోధుమరంగు మైదానం చూసి మొహం చిట్లించినవాళ్లు చాలామందే. పచ్చగా లేకపోతే పాడైపోయినట్టేనని మన కళ్లకు ఆ టీవీలే అలవాటు చేశాయి. ఎండకు రంగు మారిన గడ్డి చాలాసార్లు చచ్చిపోయింది కాదు, నిద్రావస్థలో ఉంటుంది. నీళ్లు తగలగానే మళ్లీ చిగురిస్తుంది. ఇది పిల్లలకంటే ముందు పెద్దలకు నేర్పాలి.

టైం ఉంటే ఇంకో రెండు చేయించొచ్చు. రెండు ట్రేలలో ఒకే గడ్డి పెంచి, ఒకదాన్ని బాగా కురచగా, ఇంకోదాన్ని ఎత్తుగా కత్తిరిస్తూ, కొన్ని వారాల తర్వాత వేళ్లు కడిగి చూపించండి. కురచగా కోసిన గడ్డికి వేళ్లు కూడా కురచే. గ్రీన్ మీద, అంటే బంతిని వేయాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి చోట, గడ్డిని 3 మిల్లీమీటర్ల దగ్గర కోస్తారు కాబట్టి దానికి అంత కనిపెట్టుకుని ఉండాలని అప్పుడు అర్థమవుతుంది. రెండోది, పారదర్శకమైన గొట్టంలో కింద గులకరాళ్లు, పైన ఇసుక పోసి రంగు నీళ్లు వదలడం. నీళ్లు గబుక్కున రాళ్లలోకి జారతాయని అందరూ అంటారు. జారవు. ఇసుక అడుగు తడితో నిండేదాకా అక్కడే నిలుస్తాయి. గ్రీన్ల కింద 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర పరిచే పద్ధతి వెనక ఉన్నది ఇదే. వాన ఎక్కువైతే నీళ్లు దిగిపోవాలి, మామూలప్పుడు వేళ్ల దగ్గర నిలవాలి.

కప్పుల పరీక్షను గాలి లేని పొద్దున ఒకసారి, గాలి వీచే మధ్యాహ్నం ఇంకోసారి చేయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, మైదానాలకు రాత్రిపూట గానీ తెల్లవారుజామున గానీ ఎందుకు నీళ్లు పెడతారో పిల్లలే చెబుతారు.