సెరాటా అంటే పెద్ద పీతా? చిన్న పీతా?

ప్రశ్న: గుంటూరులో ఉంటూ నిజాంపట్నం దగ్గర ఉప్పునీటి చెరువు కౌలుకు తీసుకుని మండపీతలు పెంచుతున్నాను. సగం పిల్ల తమిళనాడు హేచరీది, సగం మడ కాలువల్లో పట్టేవాళ్ల దగ్గర కొన్నది. హేచరీ పిల్ల సెరాటా రకం అన్నారు. నా దగ్గరున్న పాత పుస్తకంలో సెరాటా అంటే చిన్న రకం, పెద్దది ట్రాంక్విబారికా అని ఉంది. నేను మోసపోయానా? డీఎన్ఏ పరీక్ష చేయిస్తే మన కృష్ణా ముఖద్వారం పీత బాగా పెరుగుతుందో, తమిళనాడు పీత పెరుగుతుందో తెలుస్తుందా?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: ఆ మాటలో మోసం ఏమీ లేదండి. మీ పుస్తకం కూడా అప్పటికి తెలిసిందే రాసింది. తర్వాత పేర్లు మారాయి.

మండపీత రకాన్ని రంగు చూసి చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఒకే రకం పీత ఒకచోట నల్లగా, మరోచోట పచ్చగా కనిపిస్తుంది. మన పాత పుస్తకాల్లో పెద్దదాన్ని ట్రాంక్విబారికా అని, బొరియలు తవ్వే చిన్నదాన్ని సెరాటా అని రాసుకున్నారు. 1998లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు శరీర గుర్తులతో పాటు జన్యు గుర్తులూ చూసి మండపీతలు నాలుగు జాతులని తేల్చారు. ఆ తర్వాత మన తీరాల పీతలకు డీఎన్ఏ పరీక్షలు చేస్తే, ట్రాంక్విబారికా అనుకుంటున్న పెద్ద పీతే అసలు సెరాటా అని, మనం సెరాటా అంటున్న చిన్నది ఒలివేసియా అని బయటపడింది. కాబట్టి హేచరీ వాళ్లు సెరాటా అంటే పెద్ద రకమనే అర్థం.

ఆ పరీక్షలో కణంలోని మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తారు. అది తల్లి నుంచే వస్తుంది. డీఎన్ఏ అంటే నాలుగు రసాయన అక్షరాలతో రాసిన పొడవైన వరుస అనుకోండి. అందులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, రెండు పీతలవి పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒకే జాతి అయితే ఏవో కొన్ని అక్షరాలు తేడా వస్తాయి. జాతి వేరైతే పదుల కొద్దీ తేడాలుంటాయి.

అయితే పెరిగిన పీతకు మీరు ఈ పరీక్ష చేయించనక్కర్లేదు. మొన్న గుంటూరు సదస్సుకు మీరు తాడుతో కట్టి తెచ్చిన రెండు పీతలనూ బల్ల మీద పెట్టి చూశాం కదా. పెద్దదాని కరిచే కాలు మీద, గుప్పిటకు వెనకున్న కణుపు బయటివైపు రెండు ముళ్లు వేలికి గుచ్చుకున్నాయి. కళ్ల మధ్య పళ్లు ఎత్తుగా ఉన్నాయి, ఈదే తెడ్డు కాళ్ల మీద కూడా వల అల్లినట్టు గీతలున్నాయి. అది సెరాటా. ఎర్రమట్టి రంగులో ఉన్న రెండోదానికి అదే చోట ఒక్క మొద్దు బుడిపె మాత్రమే తగిలింది, కళ్ల మధ్య పళ్లు అరిగిపోయిన రంపంలా గుండ్రంగా ఉన్నాయి. అది ఒలివేసియా, కాలువ పిల్లతో వచ్చి ఉంటుంది. మేత ఎంత వేసినా అది సెరాటా సైజుకు రాదు, పైగా గట్లకు బొరియలు పెడుతుంది. పట్టుబడిలో దొరికినవి దొరికినట్టు వేరు చేసి అమ్మేయండి.

ఇక మీ రెండో సందేహం. చాలామంది రైతులు ఇక్కడే పొరబడుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఒకే జాతిలో కృష్ణా పీతలు, గోదావరి దగ్గరి కోరింగ పీతలు, తమిళనాడు పిచ్చావరం పీతలు వేర్వేరు మందలా కాదా అని తెలుసుకోవడానికి మైక్రోశాటిలైట్లు అనే గుర్తులు వాడతారు. డీఎన్ఏలో 'సీఏ సీఏ సీఏ' అంటూ రెండు మూడు అక్షరాలు పదే పదే వచ్చే చోట్లివి. ఎన్నిసార్లు వచ్చాయన్నది పీతకూ పీతకూ మారుతుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒక్కో చోట 30 నుంచి 50 పీతల కాలి కొన ముక్క తీసుకుని, ఏ లెక్క ఎక్కడ ఎక్కువగా కనిపిస్తుందో పోలుస్తారు. పీతకు ప్రాణహాని లేదు, కుబుసం విడిచినప్పుడు కాలు మళ్లీ వస్తుంది.

గుడ్లు పెట్టడానికి తల్లి పీత కాలువ వదిలి సముద్రంలోకి పోతుంది. పొదిగిన లార్వాలు రెండు మూడు వారాలు నీటివాలుకు కొట్టుకుపోతాయి. బంగాళాఖాతంలో తీరం వెంట ప్రవాహం కొన్ని నెలలు ఉత్తరానికి, కొన్ని నెలలు దక్షిణానికి సాగుతుంది. అందుకని జిల్లాకో మంద ఉంటుందని ముందే అనుకోకూడదు. అలాగని సముద్రమంతా ఒకటే మంద అని కూడా కాదు. ఆస్ట్రేలియాలో తూర్పు తీరం సెరాటాకూ వాయవ్య తీరం సెరాటాకూ డీఎన్ఏలో స్పష్టమైన తేడా దొరికింది.

ఇంత చేసినా, ఏ మంద త్వరగా పెరుగుతుందో ఈ గుర్తులు చెప్పవు. బంధుత్వం చెబుతాయి, బరువు చెప్పవు. అది తెలియాలంటే రెండు చోట్ల పిల్లనూ ఒకే వయసులో, ఒకే నీటిలో, ఒకే మేతతో పెంచి తూకం వేయాలి. "డీఎన్ఏ పరీక్ష చేసిన పిల్ల, కిలో గ్యారంటీ" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే ఇవ్వకండి.

హేచరీలో మీరు అడగాల్సింది ఇంకొకటుంది. ఒక్క తల్లి పది లక్షలకు పైగా గుడ్లు మోస్తుంది. అంటే మీ చెరువుకు వచ్చిన పిల్లంతా ఒకే కడుపున పుట్టిన తోబుట్టువులే కావచ్చు. పెంచి అమ్ముకునేంత వరకు దాంతో టెన్షన్ లేదు. వాటినే మళ్లీ తల్లులుగా పెట్టుకుంటూ పోతే మాత్రం తరాలు గడిచేకొద్దీ పిల్ల బలహీనపడుతుంది. ఈ బ్యాచ్ ఎన్ని తల్లులది, ఏ తీరం నుంచి తెచ్చారు అని అడిగి రాసుకోండి. మిగిలిన హేచరీ పిల్లను దయచేసి మన మడ కాలువల్లో వదలకండి.

బొటనవేలి గోరంత పిల్లలో మాత్రం ముళ్లు, పళ్లు చూసి నమ్మకంగా చెప్పలేం. పెద్ద లాట్ కొనేముందు అనుమానం ఉంటే అక్కడ డీఎన్ఏ పరీక్ష పనికొస్తుంది. విజయవాడలోని ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు. నమూనాను గాఢమైన స్పిరిట్‌లో వేయండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. తేదీ, పట్టిన చోటు కాగితం చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసాకు పెట్టండి, పెన్ను సిరా స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది.