అల్మారాలో పెట్టిన బైబిలు

గుంటూరు దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసిన సోదరి తెలుగు పండితురాలు, వయసు 44. భర్త పదో తరగతి వరకు చదివారు, మూడేళ్ళుగా వారి లూథరన్ సంఘానికి పెద్ద. స్త్రీల సమాజంలో యోబు గ్రంథం చదువుతుండగా ఆమె ఒక ప్రశ్న అడిగారు. శోధనలో ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్న యోబుకు దేవుడు చివరికి ఆస్తిని రెట్టింపు చేశాడు, గొర్రెలు ఏడు వేల నుంచి పద్నాలుగు వేలు, ఒంటెలు మూడు వేల నుంచి ఆరు వేలు అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్ళీ పదిమందే పుట్టారు, మరి చనిపోయిన పదిమంది మాటేమిటని. ఎవరూ నోరు విప్పలేదు, ప్రార్థనతో కూటం ముగిసింది. సంగతి తెలిసి భర్త ‘నలుగురిలో నా పరువు తీశావు’ అన్నారు. వారం తిరగకముందే ఆమె గుడికి తీసుకువెళ్ళడానికి కొత్త బైబిలు కొనుక్కుని, ఇరవై ఏళ్ళుగా అంచుల నిండా పెన్సిలుతో రాసుకున్న పాతదాన్ని అల్మారాలో పెట్టేశారు. ఆలోచించేవాళ్ళున్న పట్నపు సంఘానికి మారవచ్చా అని అడుగుతున్నారు.

అమ్మా,

మారవద్దు. ఆ ప్రశ్నకు ఇంతకంటె పొడుగు జవాబు అక్కరలేదు. పట్నపు సంఘంలోనూ ఏదో ఒక ఆదివారం మీరు ప్రశ్న అడుగుతారు, ఆ సాయంత్రం తిరిగి వచ్చేది ఈ ఇంటికే.

ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ కొత్త బైబిలు. స్త్రీల సమాజం మౌనం మిమ్మల్ని నొప్పించి ఉండవచ్చు కాని, పాతదాన్ని అల్మారాలోకి నెట్టింది మీ వారి మాట. ఆయన చదువు సంగతి మీరు ఒక మూల రాసి వదిలేశారు. నాకు అదే ముఖ్యంగా తోచింది. మీరు అడిగిన ప్రశ్నతో ఎవరైనా ఆయన వైపు తిరిగి ‘పెద్దలు మీరు చెప్పండి’ అంటే ఏమి చెప్పాలన్న బెదురు ఆయనకు ఉండి ఉంటుంది. ఆ బెదురును మీరు అర్థం చేసుకోవాలి, కాని దానికి లోబడి బుద్ధిని దాచుకోవడం భార్య ధర్మమని నేను ఎన్నటికీ ఒప్పుకోను.

1842లో లూథరన్ మిషనరీ హయ్యరు గుంటూరు వచ్చిన నాటి నుంచి మన సంఘాల్లో బడీ గుడీ కలిసి పెరిగాయి. లూథరు 1529లో చిన్న కాటికిజము అనే విశ్వాస ప్రశ్నోత్తరాల పుస్తకం రాసింది ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పడానికే. అందులో ఒక్కొక్క ఆజ్ఞ తరువాత వచ్చేది ‘దీనికి అర్థమేమి?’ అన్న ప్రశ్నే. కాబట్టి ప్రశ్న ఇంట్లో పుట్టడం మీ వారి పెద్దరికానికి తక్కువ కాదు. కొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల దంపతులు అపొల్లో వంటి విద్వాంసుణ్ణి చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇద్దరూ కలిసి విశదపరిచారు. రోమా సంఘానికి రాసేటప్పుడు అపొస్తలుడైన పౌలు ఆ ఇద్దరిలో భార్య ప్రిస్కిల్ల పేరే ముందు పెట్టాడు. దానివల్ల డేరాలు కుట్టుకునే అకుల గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు పాత బైబిలు బయటికి తీయండి. యోబు గ్రంథానికి 42 అధ్యాయాలు. రాత్రికొకటి చొప్పున ఆయన చేతనే చదివించండి. ఉచ్చారణ దిద్దవద్దు, తెలుగు చెప్పేవాళ్ళకు ఆ అలవాటు ఉంటుంది. జవాబేమిటని కాక, ‘మీకేమనిపించింది’ అని అడగండి, చెప్పేదాకా ఆగండి. ఆయన కోప్పడితే మరునాడు మళ్ళీ అడగండి.

మీ ప్రశ్న విషయానికి వస్తే, చనిపోయిన పిల్లలు దేవుని దగ్గర ఉన్నారు గనుక మరో పదిమంది పుడితే రెట్టింపు అయినట్టేనని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ లెక్క సరిపోదని నా మనసుకు అనిపిస్తుంది. అయితే చివరి అధ్యాయంలో దేవుడు కోపించింది ప్రశ్నించిన యోబు మీద కాదు, అతణ్ణి ఓదార్చడానికి వచ్చి అన్నిటికీ జవాబు తెలిసినట్టు మాట్లాడిన ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. ఆ అధ్యాయం వచ్చిన రాత్రి తొందరపడకండి.

వచ్చే ఆదివారం గుడికి పాత బైబిలే పట్టుకువెళ్ళండి. కొత్తది మీ వారికి ఇవ్వండి, దానితోపాటు ఒక పెన్సిలు కూడా.